కొండ మీది ఆడపడుచుకి ఆషాఢం సారె

తెల్లవారుజామున మూడు దాటింది. పెదపారుపూడిలో ఓ పెంకుటింటి దొడ్లో రాళ్ళపొయ్యి మీద ఇత్తడి గిన్నెలో బెల్లం పాకం కుతకుతలాడుతోంది. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్న మామ్మకి డెబ్బై దాటి ఉంటాయి. గరిటెతో రెండు చుక్కలు తీసి నీళ్ళ పళ్ళెంలో వేసింది. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టింది.

"దించండే. ఇంకో నిమిషం ఆగారంటే రాయైపోద్ది. రాయిని పట్టుకెళ్ళి అమ్మాయి ఒళ్ళో పెడతామా?"

ఇద్దరు ఆడవాళ్ళు గుడ్డలతో గిన్నె అంచులు పట్టుకుని దించారు. ఇంకొకావిడ తడిబట్ట కింద అదిమి ఉంచిన బియ్యప్పిండిని గుప్పెళ్ళతో పోస్తుంటే మామ్మ తెడ్డు తిప్పుతోంది. తడిపిండి ఆరిపోతే చలిమిడి పగుళ్ళు తీస్తుంది. అందుకే ఎవరూ మాట్లాడటం లేదు. నెయ్యి, వేయించిన కొబ్బరి ముక్కలు, గసగసాలు, యాలకుల పొడి ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. మామ్మ చేతికి నెయ్యి రాసుకుని ఓ ముద్ద తీసి, బల్బు వెలుతుర్లో పైకెత్తి చూసి, తలాడించింది. కుదిరింది.

అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మీకు ఆ 'అమ్మాయి' ఎవరో చెప్పక్కర్లేదు. బెజవాడ ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గమ్మ. ఎనిమిది చేతులతో మహిషాసురుణ్ణి మర్దించిన తల్లి. ఆషాఢం వచ్చేసరికి ఆవిడ ఈ ఊళ్ళకి ఆడపడుచు అయిపోతుంది. కొత్తగా పెళ్ళయిన పిల్లని ఈ నెల పుట్టింటికి తెచ్చుకోవడం మన దగ్గర ఆనవాయితీ. దుర్గమ్మని తెచ్చుకోవడం కుదరదు కాబట్టి, పుట్టింటివాళ్ళే సారె కట్టుకుని కొండకి వెళ్తారు. దసరా ఉత్సవాలకున్నంత పాత చరిత్ర ఈ సారెకి లేదు. ఈమధ్య సంవత్సరాల్లోనే ఇంత పెద్దదయింది. కానీ చూడబోతే దసరా కన్నా ఇదే ఈ ఆడవాళ్ళకి దగ్గరగా ఉంది. దసరాకి ఆవిడ రాజరాజేశ్వరి. దండం పెట్టి రావాలి. ఆషాఢంలో అయితే ఒళ్ళో చలిమిడి పెట్టొచ్చు.

వసారాలో పళ్ళేలు వరసగా సర్దారు. పట్టుచీర, రవికెల గుడ్డలు, పసుపు, కుంకుమ, డజన్ల కొద్దీ గాజులు, తమలపాకులు, అరటిపళ్ళు, అరిసెలు, మినపసున్నుండలు, జంతికలు, మల్లెపూలు. ప్రతి పళ్ళెం పట్టుకునే చేతికీ గోరింటాకు పండి ఉంది. ఎవరి గోళ్ళు ఎంత ఎర్రగా పండాయో చూసుకునే పోటీ ఒకటి పక్కన నడుస్తూనే ఉంది.

"ఫోటోగ్రాఫర్‌ని పిలిచారా వదినా?"

"పిలవకపోతే ఎట్లా? రామోజీరావుగారు పుట్టిన ఊరి నుంచి సారె వెళ్తూ, పేపర్లో ఫోటో లేకపోతే నలుగురూ నవ్వరూ!"

ఈనాడు రామోజీరావు 1936లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆ మాటకి మామ్మ కూడా నవ్వి, కొంగు సర్దుకుంది.

మినీ బస్సు కదిలేసరికి తూర్పు తెల్లబడింది. పక్కనే కాలవ. నీళ్ళొచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఇంకా మట్టిరంగులోనే, తూటికాడలు ఈడ్చుకుంటూ పోతున్నాయి. నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. కొన్ని చేలల్లో దమ్ము చేసిన బురద మీద కొంగలు దిగాయి. బస్సులో సగం మాటలు దుర్గమ్మవి, సగం నాట్లవి. నాట్లకి కూలీలు దొరకడం లేదట. ఒకాయన వెదజల్లేశాడట. బీపీటీ రకం వరి వెయ్యాలా, పదమూడు పద్దెనిమిది రకం వెయ్యాలా అన్నది ఓ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య ఇంకా తేలలేదట. రెండు వరసల వెనక ఎవరో లలితా సహస్రనామం అందుకున్నారు. నాట్ల గొడవ దాని కింద సాగుతూనే ఉంది.

ఈ దిగువ డెల్టాలో పుట్టిపెరిగిన కంటికి ఎత్తంటే అలవాటు లేదు. బందరు దాకా వెళ్ళండి, దివిసీమ దాకా వెళ్ళండి, అంతా చదునే. ఎత్తుగా కనిపించేవి తాడిచెట్లు, గుడిగోపురాలు, సెల్ టవర్లు. పేరులో కొండ ఉన్న వేమవరం కొండాలమ్మ గుడి కూడా చదునైన నేల మీదే ఉంది. అందుకే కంకిపాడు దాటి, బెంజి సర్కిలు దాటి, బందరు రోడ్డు చివర్న ఒక్కసారిగా నల్లటి రాతిగుట్ట అడ్డం వచ్చేసరికి బస్సులో చేతులన్నీ వాటంతటవే జోడయ్యాయి. సహస్రనామం ఆగింది. నాట్ల గొడవా ఆగింది.

కనకదుర్గానగర్ దగ్గర బస్సు దిగితే అక్కడ మీ ఊరి జట్టు ఒక్కటే కాదు. ఒక ఊరివాళ్ళందరూ ఆకుపచ్చ చీరలు, ఇంకో ఊరివాళ్ళు పసుపు. డప్పులొకచోట, బ్యాండు మేళం ఒకచోట, మధ్యలో కోలాటం కర్రల చప్పుడు. శాకంబరీ ఉత్సవాల రోజులు కావడంతో కూరగాయల బస్తాలు కూడా ఈ దారినే వెళ్తున్నాయి. ఓ కుర్రాడు భుజాన బస్తా పెట్టుకుని "తప్పుకోండమ్మా, వంకాయలు, వంకాయలు" అని అరుచుకుంటూ వెళ్ళాడు. ఈ నెలలోనే ఓ ఆదివారం హైదరాబాద్ మహంకాళి జాతర కమిటీ వాళ్ళు బంగారు బోనం ఎత్తుకుని పోతురాజుల ఆటతో ఇదే కొండకి వస్తారు. అక్కడ బోనం, ఇక్కడ సారె. ఆషాఢంలో అమ్మవారిని ఇంటి పిల్లగా చూసుకోవడం రెండు చోట్లా ఉంది.

సారె మోసేవాళ్ళు మహామండపం లిఫ్టుల వైపు వెళ్ళారు. మీరు మెట్లదారి పట్టారు, ఓ కొత్త పెళ్ళికూతురి వెనక. పెళ్ళయి మూడు నెలలు కాలేదు. ఆషాఢానికి పుట్టింటికొచ్చింది. మెట్లపూజ మొక్కుకుందట. ఏం మొక్కుకుందో అడిగితే వాళ్ళ పిన్ని కళ్ళెర్రజేసింది.

మెట్లపూజ దూరం నుంచి చూస్తే పెద్ద పనిలా కనిపించదు. దగ్గర నుంచి చూడండి. ఎడంచేతిలో తడిపసుపు గిన్నె. కుడిచేతి మూడు వేళ్ళు ముంచి, మెట్టు అంచు మీద అడ్డంగా ఓ గీత. దాని మీద ఉంగరపు వేలితో మూడు కుంకుమ బొట్లు. ఓ పువ్వు రేక. లేచి, ఒక మెట్టు పైకెక్కి, మళ్ళీ నడుం వంచాలి. ఆ మెట్టు మీద అప్పటికే ఎవరో పెట్టిన పసుపు, దాని కింద నిన్నటిది, దాని కింద మొన్నటిది. రాయి అంచు పసుపు పట్టి జారుతోంది. ఎక్కేవాళ్ళు ఆ బొట్లు తొక్కకూడదని ఓ పక్కగా ఒదిగి ఎక్కుతున్నారు. కొంత దూరం వెళ్ళాక పిల్ల నడుం పట్టుకుని నిలబడిపోయింది. పిన్ని గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు.

"నా మొక్కు పిన్నీ, నేనే పెట్టాలి."

"పెట్టు తల్లీ, కాసేపు ఊపిరి పీల్చుకుని పెట్టు. ఆవిడెక్కడికీ పోదు."

ఇక్కడ ఆగి వెనక్కి తిరిగితే కృష్ణ కనిపిస్తుంది. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, రెండింటి మధ్యా నది ఇరుకై, దాని మీద ప్రకాశం బ్యారేజీ గేట్ల వరస. కింద దుర్గాఘాట్, దాని పక్కనుంచి 2020లో తెరిచిన ఫ్లైఓవర్. ఆ ఏడాది దసరాల్లోనే, అక్టోబరు 21న, ఈ కొండచరియ కొంత విరిగి కింద పడింది. భక్తులెవరూ దాని కింద లేకపోవడం అదృష్టం. అది అమ్మ దయేనని మెట్ల మీద ఎవర్నడిగినా చెబుతారు. కొండరాయి పగుళ్ళు బారి ఉందని, వానకి నానిందని ఇంజనీర్లు చెబుతారు. ఇక్కడ రెండు మాటలూ ఒకే నోట వినిపిస్తాయి.

మీ ఊరి కాలవ మొదలయ్యేది ఇక్కడే. బ్యారేజీకి ఈ పక్కనున్న తలుపుల్లోంచి బయల్దేరిన నీళ్ళు బెజవాడ ఊళ్ళోకొచ్చి ఏలూరు, రైవస్, బందరు కాలవలుగా చీలి తూర్పు డెల్టా అంతా పారతాయి. పొద్దున మీరు చూసిన ఆ మట్టినీళ్ళు ఈ కొండ పాదాల దగ్గర్నుంచి వచ్చినవే. 1832–33లో డొక్కల కరువొచ్చి గుంటూరు, బందరు ప్రాంతాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. నది పక్కనే ఉండి, నీళ్ళు మాత్రం సముద్రంలోకి పోయేవి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి గాని ఇక్కడ ఆనకట్ట పని మొదలు కాలేదు. ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడు. 1852లో మొదలై 1855కి పూర్తయింది. దాదాపు వందేళ్ళు నిలిచి, 1952 వరదకి గండిపడితే, 1957 నాటికి 70 గేట్లతో ఈ బ్యారేజీ వచ్చింది. దీని కింద సుమారు 13 లక్షల ఎకరాలు. ఇంకో సంగతి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. ఎగువ నుంచి కృష్ణ వరద ఇంకా రాని జూన్, జూలై నెలల్లో దుర్గమ్మ కాళ్ళ కిందుగా వెళ్ళి పెదపారుపూడి నారుమడి తడిపేవి చాలాసార్లు గోదావరి నీళ్ళే.

ఈ లెక్కలేవీ పిన్నికి పట్టవు. ఆవిడ చూపుడువేలు బ్యారేజీ వైపు చూపిస్తోంది.

"మొన్న 2024లో ఇక్కడ దాకా వచ్చింది చూశావా? టీవీలో చూస్తూ మా అత్త ఒకటే ఏడుపు. దుర్గమ్మ ముక్కుపుడక అందుకుంటుందేమోనని."

ఆ ఏడాది సెప్టెంబరు 1, 2 తేదీల్లో బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. అది రికార్డు. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకి గుద్దుకున్నాయి. ఇటు బుడమేరు వాగు బెజవాడని ముంచింది. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడకని తాకిన రోజు కలియుగం ఆఖరని బ్రహ్మంగారి కాలజ్ఞానం పేరు మీద అందరూ చెప్పుకునే మాట. నదికీ గుడికీ మధ్య ఎత్తు చూస్తే ఆ భయం నవ్వు తెప్పిస్తుంది. 1864 ఉప్పెన, 1977 ఉప్పెన చూసిన సీమకి మాత్రం నీరు ఎంతెత్తు లేస్తుందో కొలతలు చెప్పి ఒప్పించడం కష్టం.

"మరి అందలేదుగా పిన్నీ?"

"ఎట్లా అందుద్ది? ఆవిడ వంగితేగా! వంగలేదు కాబట్టే మనం ఇవాళ ఇక్కడున్నాం. పెట్టు, బొట్టు పెట్టు, ఎండెక్కుద్ది."

పండితుల కథ వేరే ఉంది. కీలుడు తపస్సు చేసి కొండగా మారడం, అర్జునుడు ఇక్కడే కిరాతుడి వేషంలోని శివుడితో తలపడి పాశుపతం పొందడం, ఉగ్రంగా ఉన్న అమ్మవారిని ఆదిశంకరులు శ్రీచక్రం ప్రతిష్ఠించి శాంతింపజేయడం. పై కొట్లలో ఏ స్థలపురాణం కొన్నా ఇవి వరసగా దొరుకుతాయి. మెట్ల మీద వాటి ఊసే లేదు. మెట్ల మీద ఆవిడ వంగని మనిషి. అంతే.

పైకి చేరేసరికి మీ ఊరివాళ్ళు మహామండపం ఆరో అంతస్తులో వంతుకి కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఉత్సవమూర్తి. ముందు జట్టు లేవగానే పళ్ళేలన్నీ కదిలాయి. గోత్రం చెప్పమన్నారు అర్చకులు. అందరి గోత్రాలూ చెప్పే తీరిక లేదు. ఎవరో "పెదపారుపూడి గ్రామస్థులం" అన్నారు, అదే గోత్రమైపోయింది. చీర అమ్మవారికి తాకించారు. గాజులు, పసుపు, కుంకుమ తీసుకున్నారు. మామ్మ చలిమిడి పళ్ళెం అందించి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"కడుపు చల్లగా ఉండాలి తల్లీ" అంది.

అమ్మవారి దగ్గర మనం కోరుకునే మాట అది. ఈవిడ అమ్మవారికే దీవెనగా చెప్పేసింది. అర్చకస్వామి ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, నవ్వి, పళ్ళెం తీసుకుని లోపలికి తిరిగాడు. ఇలాంటి దీవెనలు ఆయన ఈ నెలంతా వింటూనే ఉండి ఉంటాడు.

మూలవిరాట్టు దర్శనం క్యూ వేరు. శాకంబరీ ఉత్సవాల ఈ మూడు రోజులూ గుడి గుడిలా ఉండదు. దూలాల నుంచి సొరకాయలు వేలాడుతున్నాయి. స్తంభాలకి బెండకాయల దండలు చుట్టారు. గుమ్మానికి నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు, మధ్యమధ్య ఎర్రటి క్యారెట్లు. ఓ మూల సేవకి వచ్చినవాళ్ళు కింద కూర్చుని దబ్బనంతో దొండకాయలు పురికొసకి గుచ్చుతున్నారు. దబ్బనం దిగినప్పుడల్లా పచ్చి వాసన. ధూపం, కర్పూరం, వాటి కింద కొత్తిమీర, కరివేపాకు. ఏ గుళ్ళోనూ ఎరగని ఈ వాసనకి ఆకలేస్తుంది, చెప్పుకోవడానికి మొహమాటమైనా.

వందేళ్ళు వానల్లేక భూమి బీటలు వారితే దేవి ఒంటినిండా కళ్ళతో చూసి, ఏడ్చి, ఆ కన్నీళ్ళతో ఏర్లు నింపి, తన ఒంటి నుంచే కూరగాయలు పుట్టించి లోకానికి అన్నం పెట్టిందని శాకంబరి కథ. క్యూలో మీ వెనకున్న ఓ రైతు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "వానలు ఆలస్యమైతే ఆవిడే కూరలమ్ముకుని బతికించింది." ఈయన ఎక్కణ్ణుంచో రెండు బస్తాల వంకాయలు తెచ్చి ఇచ్చాడట. మార్కెట్లో రేటు లేనప్పుడు కూడా ఇచ్చాడట. రేటున్నప్పుడు ఇచ్చాడా అని అడగబుద్ధేసింది గానీ, క్యూ కదిలింది.

'కనక' దుర్గ అవడం వెనక చెప్పే కథలోనూ కూరగాయే ఉంది. మాధవవర్మ మహారాజు కొడుకు రథం కింద పడి చింతచిగురు అమ్ముకునే ఓ పేదరాలి బిడ్డ చనిపోయాడు. ప్రాణానికి ప్రాణమే న్యాయమని రాజు సొంత కొడుక్కి మరణశిక్ష వేశాడు. ఆ న్యాయానికి మెచ్చి దుర్గమ్మ బెజవాడ మీద కనకవర్షం కురిపించింది. నాకు ఈ కథలో బంగారం కన్నా చింతచిగురు ఎక్కువ గుర్తుంటుంది. ఎంత చిన్న బేరం అది! మెట్ట పొలాల గట్ల మీద కోసి, గంపలో వేసుకుని, దోసిలి లెక్కన అమ్ముకునే సరుకు.

"జరగండమ్మా, జరగండి, ఆగకండి."

మీ వంతు. కళ్ళు చీకటికి అలవాటు పడేలోపే దర్శనం అయిపోతుంది, కాబట్టి ఏం చూడాలో ముందే అనుకుని వెళ్ళండి. నాలుగడుగుల విగ్రహం. పసుపు పులిమిన మొహం, పెద్ద కళ్ళు, ముక్కుపుడక. మెడ నుంచి కిందంతా కూరగాయలే. వంకాయలో, బీట్‌రూటో పోల్చుకునేలోపు వెనకనుంచి చెయ్యి పడింది. ముందున్న పెళ్ళికూతురు మాత్రం వేళ్ళకి పసుపుతోనే దండం పెట్టి, ఏదో గబగబా చెప్పుకుని, పక్కకి తప్పుకుంది. బయటికొచ్చాక పిన్ని అడిగింది.

"చెప్పావా?"

"చెప్పా."

"మొత్తం?"

"సగమే చెప్పా, తోసేశారు."

"మిగతాది ఆవిడకి తెలుసులే."

పక్కనే మల్లేశ్వరస్వామి గుడి. మామూలుగా అమ్మవారు అయ్యవారికి ఎడంపక్కన ఉండాలి. ఇక్కడ కుడిపక్కన ఉంది. శక్తికే ప్రాధాన్యమని దానికి వ్యాఖ్యానం. మామ్మ వ్యాఖ్యానం ఇంకా పొట్టి: "ఇల్లు ఎవరు నడుపుతున్నారో ఊరందరికీ తెలియాలిగా." మల్లన్నకి దండం పెట్టేటప్పుడు ఆవిడ తొందరపడింది. కదంబం ప్రసాదం అయిపోతుందేమోనని కంగారు.

కదంబం అయిపోలేదు. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, చేతికొచ్చిన కూరలన్నీ. ఆకు దొన్నె వేడికి వేళ్ళు కాలుతున్నా ఎవరూ కింద పెట్టలేదు. గోడవారగా కూర్చుని మీ ఊరివాళ్ళు ఏ ముక్క ఏ కూరగాయదో పంచాయితీ పెట్టారు. గుమ్మడికాయని గుర్తుపట్టారు, చేమదుంప దగ్గర తేడాలొచ్చాయి.

దిగే ముందు ఒక పనుంది. అమ్మవారికి భక్తులు సమర్పించిన చీరల్ని దేవస్థానం అమ్ముతుంది. ఆ కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఆడవాళ్ళ గుంపు ఉంటుంది. సీమంతానికో, పెళ్ళిచూపులకో, నెమ్మదించని జబ్బుకో, ఆవిడకి తాకించిన చీర కావాలి. మీ జట్టులో ఒకావిడ కూతురికి ఏడో నెల. ఆకుపచ్చది ఒకటి నచ్చింది. రేటు చూసి మామ్మ రంగంలోకి దిగింది.

"వంద తగ్గించు బాబూ."

"బేరం లేదు మామ్మగారూ, స్టిక్కరు మీదున్నదే."

"మేం తెచ్చిన చీర మీకు ఊరికే ఇచ్చాంగా?"

"మీరిచ్చింది నాకు కాదు కదండీ, అమ్మవారికి."

మామ్మకి వెంటనే జవాబు దొరకలేదు. కూతురి తల్లి పర్సు తీసి డబ్బులు లెక్కపెడుతోంది. మామ్మ ఆ ఆకుపచ్చ చీర మడత విప్పి, అంచు పట్టుకుని, వెలుతురుకేసి తిప్పి తిప్పి చూసి, పక్కావిడ చెవిలో అనుకుని అందరికీ వినబడేలా అంది:

"ఇది నిరుడు మనం పెట్టిన చీర కాదు కదే?"